మూడో సిలిండరు కుంటినడక

రాతలో తప్పులుంటే చదివేవారు దయచేసి దిద్దుకుని చదవండి. నేను పలక పట్టింది యాభై ఎనిమిదో ఏట, చర్చి వెనక గదిలో, నా ఈడు ఆడవాళ్ళతో కలిసి. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి చెయ్యి జారిపోతాయి. పైగా నెమ్మది. ఈ ఒక్క ప్రకరణం రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది. డిటెక్టివ్ నవలకి ఇంత నెమ్మది పనికిరాదని తెలుసు. కానీ ఇందులో మనుషులు నాకంటే చురుకైనవాళ్ళు, వాళ్ళే లాక్కుపోతారు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆశాజ్యోతీ నేనూ కడియంలో పల్లంరాజు గారి గేటు దాటాం. నాలుగింటికి ఎస్సై గారు వస్తారు. ఆ లోపల తేల్చకపోతే యెహెజ్కేలు దొంగ అయిపోతాడు.

ఆశాజ్యోతి రాజమండ్రిలో మా మేడ మీద అద్దెకుంటూ డిటెక్టివ్ ఆఫీసు నడుపుతుంది. ఆమె ప్రశ్నలడుగుతుంది, నేను పక్కన కూర్చుని జవాబులు రాసుకుంటాను. నా నెమ్మది ఆమెకి బాగా పనికొస్తుంది. నేను అందుకోలేక "మళ్ళీ చెప్పండి" అంటాను. రెండోసారి చెప్పేటప్పుడు మనిషి మొదటిసారి వదిలేసిన ముక్క ఒకటి తప్పకుండా కలుపుతాడు.

మమ్మల్ని పిలిచింది యెహెజ్కేలు భార్య సంపూర్ణమ్మ. యెహెజ్కేలు మెకానిక్. రాజుగారి స్థలంలోనే, రోడ్డు వారగా రేకుల వర్క్‌షాపు. తండ్రి కాలం నుంచీ అక్కడే. రాజుగారి దగ్గర ఎర్ర రంగు పాత స్పోర్ట్స్ కారు ఒకటుంది. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. వాళ్ళ నాన్నగారు మద్రాసులో కొని తెచ్చిన విదేశీ బండి. సోమవారం సాయంత్రం యెహెజ్కేలు దానికి బ్రేకులు బాగుచేసి తెచ్చి గ్యారేజిలో పెట్టాడు. మంగళవారం పొద్దున్న రాజుగారు స్టార్ట్ చేస్తే శబ్దం మారిపోయింది. అసలు ఇంజను దింపేసుకుని వేరే ఇంజను పెట్టేశాడని ఆయన అక్కడికక్కడే తేల్చేసి, ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. ఇవాళ కంప్లైంటు ఇచ్చి, వర్క్‌షాపు కూడా ఖాళీ చేయించేస్తానన్నారు.

"ఖాళీ చేయించినా ఫర్వాలేదండి, ఇంకోచోట వేసుకుంటాం," అంది సంపూర్ణమ్మ గేటు దగ్గర మాతో. "దొంగని పేరు పడ్డాక ఎక్కడ వేసినా బండి ఎవరు తెచ్చి ఇస్తారండి ఈయన చేతికి?"

యెహెజ్కేలు పక్కనే నిలబడి ఉన్నాడు. పెద్ద మాటకారి కాదు. "బ్రేకులు చేసేనండి. అంతే చేసేను," అన్నాడు.

అరుగు మీద రాజుగారి పక్కన నల్లకళ్ళద్దాలతో గణేష్‌బాబు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కాకినాడ డిటెక్టివ్. రాజుగారు బుధవారమే పిలిపించుకున్నారు. వస్తూనే గ్యారేజికి తాళం వేసి, దాని మీద తన సంతకంతో స్టిక్కరు అంటించాడట.

"రండి ఆశాజ్యోతి గారూ," అన్నాడు. "కాస్త ఆలస్యంగా వచ్చేరు. ఆ ముత్యాల దండ కేసులో కూడా మీకంటే నేనే ముందు చేరేను, గుర్తుందాండి?"

"గుర్తుందండి. పక్కింటికి చేరేరు."

రాజుగారు నవ్వు ఆపుకోబోయి దగ్గారు. డెబ్భై దాటిన మనిషి, గుబురు మీసం, గొంతు పెద్దది. కోపంలో ఉన్నా అతిథులకి కుర్చీలు తనే జరిపి వేశారు.

"మంగళవారం పొద్దున్న ఏమైందో చెప్పండి రాజుగారూ," అంది ఆశాజ్యోతి.

"ఏమవుతాదండి. లేచేను, మొహం కడుక్కున్నాను, గ్యారేజిలోకెళ్ళి స్టార్ట్ చేసేను. అది మా బండి గొంతు కాదు."

"బండి గొంతు ఎలా ఉంటుందండి?"

"మా బండి నిలబడి ఉన్నప్పుడు ఓ పద్ధతిలో కొట్టుకుంటాదండి. డబ్, డబ్, డబ్, తుస్. మూడు గట్టిగా, ఒకటి మెత్తగా. నాన్నగారి కాలం నించీ అంతే. ఆయనకి ఎడం కాలు కొంచెం కుంటు. ఆ శబ్దం వింటే ఆయన గేటులోంచి నడిచొస్తున్నట్టు ఉంటాది నాకు. మంగళవారం చూద్దును కదా, ఎద్దుల పందెంలా పరిగెత్తేస్తంది. కుంటు లేదు, గింటు లేదు. మీటరులో ముల్లు ఎనిమిది వందల దగ్గర నిలబడేది, పదమూడొందలు దాటేసింది."

నేను కలం ఎత్తాను. "అయ్యా, మొహం కడుక్కున్నారు దగ్గరే ఉండిపోయేనండి. కాస్త మళ్ళీ చెప్పండి."

గణేష్‌బాబు పైకి చూసి నిట్టూర్చాడు. రాజుగారు మాత్రం ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టారు. "లేచేనమ్మా. మొహం కడుక్కున్నాను. కాఫీ రాలేదు, ఆ పూట ఎందుకో లేటయింది. సరే కాఫీ వచ్చేలోగా బండి చూసొద్దామని గ్యారేజికెళ్ళేను."

ఆశాజ్యోతి తల ఊపింది. "సోమవారం సాయంత్రం యెహెజ్కేలు గారు బండి తెచ్చినప్పుడు ఆ శబ్దం విన్నారా?"

"లేదండి. నేను యానాం వెళ్ళేను. ఆదివారం అక్కడిదాకా పాత కార్ల ఊరేగింపు ఉంది, ఆ ఏర్పాట్లకి. నేనొచ్చేసరికి బండి లోపల పెట్టేసి ఉంది. మా ఆవిడే గ్యారేజి తాళం తీసింది."

ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మాణిక్యాంబ గారు. బక్కపలచటి మనిషి, చేతులకి గాజులు, నడుముకి బరువైన తాళాల గుత్తి.

"మీరు విన్నారాండి?" అని అడిగింది ఆశాజ్యోతి.

"విన్నానమ్మా. ఎప్పట్లాగే కుంటుకుంటానే వచ్చింది. అది మన ఇంజనేనండీ అని ఈయనకి మంగళవారమే చెప్పేను."

"ఆవిడకేం తెలుస్తాదండి ఇంజను శబ్దాలు," అన్నారు రాజుగారు.

మాణిక్యాంబ గారు ఏదో అనబోయి, లోపలికి వెళ్ళిపోయారు.

"ఆ మాట నేను నిన్ననే విన్నాను," అన్నాడు గణేష్‌బాబు. "కొట్టేసేను."

"ఎందుకు కొట్టేశారు?"

"అమ్మగారు మంచివారు. పనివాడి మీద జాలి. జాలి వేరు, సాక్ష్యం వేరండి."

"ఆవిడ చెప్పింది నిజమే అనుకోండి. అప్పుడు ఇంజను మారింది సోమవారం రాత్రికీ మంగళవారం తెల్లవారడానికీ మధ్య, ఈ గ్యారేజిలో. తాళం పగలలేదు. పైన రాజుగారి పడకగది. ఇంజను దింపాలంటే గొలుసు కప్పీ కావాలి, నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురూ మునివేళ్ళ మీద నడిచారా?"

"అందుకే కొట్టేసేనన్నాను. మారింది అక్కడ కాదు. వర్క్‌షాపులో, సోమవారం పగలు."

"తాళం తీయండి. చూద్దాం."

గణేష్‌బాబు తన స్టిక్కరుని తనే జాగ్రత్తగా చింపి, తలుపు తీశాడు. లోపల ఎర్ర బండి, దాని మీద దుప్పటి. ఆశాజ్యోతి ముందుగా ఇంజను మీద అరచెయ్యి పెట్టింది. మంగళవారం తర్వాత ఎవరూ స్టార్ట్ చేయలేదు. చల్లగా ఉంది. తర్వాత వంగి, ఇంజనుని బండికి పట్టి ఉంచే బోల్టుల మీద టార్చి వేసింది.

"పెయింటు చెదరలేదు. ఈ బోల్టులు ఊడదీసి చాలా ఏళ్ళయింది."

"మళ్ళీ పెయింటు వేస్తే?"

"పెయింటు మీద దుమ్ము కూడా వేసేరంటారా? దుమ్ములో సాలెగూడు కూడా?"

"ఇంజను నంబరు కలుస్తోందనకండి, ఆ పలక రెండు చీలల మీద నిలబడిందండి. దాన్ని మార్చడం చిటికెలో పని. నా దగ్గర ఉన్న సాక్ష్యం ముందు ఇవేమీ నిలబడవు." గణేష్‌బాబు జేబులోంచి ఫోను తీశాడు. "రాజుగారి మేనల్లుడు కిందటేడు తీసిన వీడియో."

ఫోనులోంచి శబ్దం వచ్చింది. డబ్, డబ్, డబ్, తుస్. రాజుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇదీ అసలు ఇంజను," అన్నాడు గణేష్‌బాబు. "ఇప్పుడున్నది ఇది కాదు. అయిపోయింది కేసు."

ఆశాజ్యోతి అతని మాట విననట్టే ఇంజను నెత్తిన ఉన్న పొడుగాటి మూత చూస్తోంది. మూతంతా మురికి పట్టి ఉంది. దాన్ని బిగించే రెండు నట్లు మాత్రం అంచుల్లో కొత్తగా మెరుస్తున్నాయి. ఎవరో ఈ మధ్యే పానా పెట్టి తిప్పారు.

"యెహెజ్కేలు గారూ, ఇలా రండి. ఈ మూత తీయండి."

"ఆగండాగండి," అని అడ్డం వచ్చాడు గణేష్‌బాబు. "సాక్ష్యాన్ని తీసుకెళ్ళి అతని చేతికే ఇస్తారా?"

"మీరు తీస్తారా పోనీ?"

అతను తన తెల్ల చొక్కా చేతులు చూసుకుని పక్కకి జరిగాడు.

యెహెజ్కేలు నట్లు విప్పి మూత ఎత్తాడు. ఎత్తి, తిరగేసి చూసి, అలాగే ఉండిపోయాడు. బయట జిడ్డూ దుమ్మూ. లోపల మాత్రం తళతళలాడుతోంది. ఇంజను ఒక్క పూట తిరిగినందుకు పట్టిన పల్చటి నూనె తప్ప మరక లేదు.

"మీరు మూత లోపల ఇలా కడుగుతారా?" అని అడిగింది ఆశాజ్యోతి.

"కడగమండి. గుడ్డతో ఓసారి తుడిచి పెట్టేస్తాం. ఎలాగా మళ్ళీ నూనే కదండి పడేది."

ఆమె మూత నా చేతికిచ్చింది. నేను వెలుగులో పెట్టి చూశాను. లోపల సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. పీచు పెట్టి అరచేతి బలంతో తోమితే గిన్నె అడుగున పడే గీతలు. నేను ఆశాజ్యోతి మొహం చూశాను. ఆమె కూడా వాటినే చూస్తోంది.

"ఇది రాయకండి పిన్నిగారూ, ఇప్పుడే," అంది మెల్లగా.

తర్వాత గొంతు పెంచింది. "యెహెజ్కేలు గారూ, టాపెట్ల సందు కొలవండి."

యెహెజ్కేలు ఫిల్లర్ గేజి తీశాడు. ఆకుల్లా పల్చటి ఉక్కు రేకుల కట్ట అది; వాల్వుకీ, దాన్ని తెరిచే టాపెట్టుకీ మధ్య సందు దాంతో కొలుస్తారట. ముందు నుంచి హేండిలు వేసి ఇంజను కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఒక్కో వాల్వు మీదా రేకు దూర్చి చూశాడు. మొదటిది, రెండోది, అలా ఎనిమిదీ. చూసే కొద్దీ అతని మొహం మారిపోయింది.

"ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయండి. ఎవరో పెట్టేరు. నేను సోమవారం చూసేటప్పుడు మూడో సిలిండరుది బిగిసిపోయి ఉంది, రేకు దూరలేదు. రాజుగారికి అంతకుముందే చెప్పేనండి, ఇలాగే తిప్పితే వాల్వు కాలిపోతాదని."

"చెప్పేడు," అన్నారు రాజుగారు. "ముట్టుకుంటే ఊరుకోనన్నాను. ఆ గొంతు పోతాదని."

"చూశారా," అన్నాడు గణేష్‌బాబు. "కొత్త ఇంజను కాబట్టి అన్నీ సరిగ్గా ఉన్నాయి."

ఆశాజ్యోతి రాజుగారి వైపు తిరిగింది. "మీరు వ్యవసాయం చేసినవారు కదండి. మీ పంటబోదె గట్టుకి గండి పడింది అనుకోండి. సగం నీరు గండిలోంచి పోతోంది. చేనుకి నీరు చాలాలంటే ఏం చేస్తారు?"

"గండి పూడుస్తాం."

"పూడ్చనివ్వలేదనుకోండి."

రాజుగారు ఆలోచించారు. "తూము తలుపు ఇంకాస్త ఎత్తుతాం."

"ఆ బిగిసిన వాల్వు గండి లాంటిది. అది పూర్తిగా మూసుకోదు, బలం కారిపోతుంది. అదే మీ తుస్. బండి ఆగిపోకుండా ఏళ్ళ తరబడి మీరేం చేశారంటే, నిలబడ్డ బండిలో ఇంజను వేగం పెంచే ఐడ్లింగ్ స్క్రూ కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చారు. తూము తలుపు ఎత్తినట్టు. ఇప్పుడు ఎవరో గండి పూడ్చేశారు. తలుపు మాత్రం దించలేదు. చేను ఏమవుతుంది?"

"మునిగిపోతాది," అన్నారు రాజుగారు. అని, బండి వైపు చూశారు.

"అదేనండి పదమూడొందలు."

"కథ బాగుంది," అన్నాడు గణేష్‌బాబు. "రుజువు?"

"గండి మళ్ళీ కొడదాం. యెహెజ్కేలు గారూ, మూడోదాన్ని మునుపున్నంత బిగించండి."

"అలా ఎక్కువసేపు ఉంచకూడదండి," అన్నాడు యెహెజ్కేలు. బిగించడం అతనికి అస్సలు ఇష్టం లేదు. అయినా బిగించి, మూత పెట్టి, తాళం చెవి రాజుగారికి అందించాడు.

రాజుగారు సీట్లో కూర్చున్నారు. ఇంజను దగ్గింది, పట్టుకుంది. ముల్లు మెల్లగా దిగింది.

డబ్, డబ్, డబ్, తుస్.

ఆశాజ్యోతి గణేష్‌బాబు చేతిలోని ఫోను నొక్కింది. ఫోనులో ఇంజనూ, బండిలో ఇంజనూ రెండూ జతగా కుంటుతూ నడిచాయి. గణేష్‌బాబు ఫోను దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి విన్నాడు. చివరికి నల్లకళ్ళద్దాలు తీసేశాడు. తీస్తే పాపం చిన్న కళ్ళు.

రాజుగారు స్టీరింగు మీద చెయ్యి వేసి నిమిరారు. "నా ఇంజనే," అన్నారు. "నాన్నగారి ఇంజనే." ఇంజను ఆపి దిగేటప్పుడు ఆయన మీసం వణకడం అందరం చూశాం, చూడనట్టు నిలబడ్డాం. యెహెజ్కేలు మాత్రం ఆయన దిగీ దిగగానే మూత తీసి, ఇంజను వేడెక్కకముందే మూడోదాన్ని మళ్ళీ వదులు చేసి సరిపెట్టేశాడు.

ఇక్కడితో అయిపోయిందనుకుని నేను కలానికి మూత పెట్టాను. గణేష్‌బాబు పెట్టనివ్వలేదు.

"ఇంజను అదే. ఒప్పుకున్నాను," అన్నాడు. "ఓడిపోయేనండి, అందులో. కానీ రాజుగారు వద్దన్న పని ఎవరో చేసేరు కదా? తాళం వేసిన గ్యారేజిలో దూరి చేసేరు. ఆ పని వచ్చినవాడు ఇక్కడ ఒక్కడే ఉన్నాడు."

రాజుగారి మొహంలో మెత్తదనం ఆరిపోయింది. "అవును. వద్దని చెప్పేనా లేదా యెహెజ్కేలూ? నా మాట దాటి దొంగతనంగా వచ్చి చేసేవా? ఇంజను ఎత్తుకుపోతే దొంగ, మాట దాటితే నమ్మకద్రోహి. వర్క్‌షాపు సంగతి నేనన్నది అన్నట్టే ఉంటాది."

"నేను చేయలేదండి."

"మరెవరు చేస్తారు? మా ఊళ్ళో ఇంకో మెకానిక్కి ఈ బండి మూత ఎక్కడుందో కూడా తెలీదు."

సంపూర్ణమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. గోడ మీద గడియారంలో నాలుగు కావస్తోంది. ఆశాజ్యోతికి మాత్రం తొందర లేదు.

"యెహెజ్కేలు గారూ, టాపెట్లు పెట్టేక మీరేం చేస్తారు?"

"మూత వేసి, స్టార్ట్ చేసి, వేడెక్కేక ఐడ్లింగ్ స్క్రూ దించుతానండి."

"ఎప్పుడైనా మర్చిపోయేరా?"

"అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోడం మర్చిపోతామా అండి?"

"విన్నారు కదా గణేష్‌బాబు గారూ. పని తెలిసినవాడు స్క్రూ దించకుండా వదలడు. ఈ పని చేసినవారు అసలు ఇంజను స్టార్టే చేయలేదు. ఎందుకు చేయలేదో ఆలోచించండి."

"భయపడి. శబ్దానికి రాజుగారు లేస్తారని."

"బయటివాడికి ఆ భయం ఎందుకు? తలుపు తీసి పారిపోతే సరిపోయె. రాజుగారు లేస్తే తప్పించుకోడానికి వీల్లేని మనిషి ఇది. ఇంటి మనిషి. గ్యారేజి తాళం దగ్గరున్న మనిషి. ఇంజను చల్లారాక తెల్లారగట్ల వచ్చి, హేండిలు తిప్పుకుంటూ నెమ్మదిగా ఎనిమిదీ సరిచేసి, మూత మూసేముందు దాన్ని చూసి ఉండబట్టలేక…"

ఆమె మూత ఎత్తి, లోపలి వైపు గణేష్‌బాబుకి చూపించింది. అతను తన మొహం చూసుకున్నాడు అందులో. కనపడింది.

"ఏ మెకానిక్కయినా ఇంజను మూత ఇలా తోముతాడాండి?"

అప్పుడే మాణిక్యాంబ గారు కాఫీ పళ్ళెంతో గ్యారేజిలోకి వచ్చారు. అందరికీ ఒక్కో గ్లాసు, సంపూర్ణమ్మకీ యెహెజ్కేలుకీ కూడా. ఆశాజ్యోతి గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, మామూలుగా అడిగింది.

"మంగళవారం కాఫీ ఎందుకు లేటయిందండి?"

మాణిక్యాంబ గారు పళ్ళెం బండి మీద పెట్టబోయి, రంగు గీసుకుంటుందని పక్కన స్టూలు మీద పెట్టారు. నడుం దగ్గర తాళాల గుత్తి తీసి విప్పారు. తాళం చెవుల మధ్య నుంచి ఆకుల్లాంటి ఉక్కు రేకుల కట్ట ఒకటి బయటపడింది. ఫిల్లర్ గేజి.

"ఆఖరి టాపెట్టు సందు కుదరలేదమ్మా," అన్నారు. "కుదిరేసరికి తెల్లారిపోయింది."

రాజుగారు తాగబోతున్న కాఫీ గ్లాసు కిందకి దించారు.

"నువ్వా?"

"నేనే. ఎస్సై గారు వచ్చేలోగా చెప్పేద్దామనే ఉన్నాను. మంగళవారమే చెప్పబోయేను. మీరు వినలేదు. అది మన ఇంజనేనంటే నీకేం తెలుసన్నారు. ఆ మాటకి నాకూ కోపం వచ్చింది. ఆ కోపంలో రెండ్రోజులు ఆగేను. అది తప్పే. సంపూర్ణమ్మా, నీకు చెప్పాలి ఆ తప్పు."

"నీకు టాపెట్లు పెట్టడం ఎవరు నేర్పేరు?"

"మీరే. పెళ్ళయిన దగ్గర్నించీ ఈ బండి ముందు టార్చి పట్టుకుని నిలబడ్డాను. మీరు చేసినప్పుడు పట్టుకున్నాను, యెహెజ్కేలు నాన్న చేసినప్పుడు పట్టుకున్నాను. టార్చి సరిగ్గా పట్టుకో, ఇటు కాదు అటు, అని తిడతా ఉంటే అటే చూసేదాన్ని. చూడగా చూడగా వచ్చేసింది. ఆఖర్న స్టార్ట్ చేసి ఏదో స్క్రూ తిప్పుతారని తెలుసు. స్టార్ట్ చేస్తే మీరు లేచిపోరూ?"

"నేను వద్దన్నాక ఎందుకు చేసేవని అడుగుతున్నాను."

"కిందటేడు ఊరేగింపులో బండి వంతెన మధ్యలో ఆగిపోయింది. గుర్తుందా? మీరు స్టీరింగు దగ్గర కూర్చున్నారు. తోసింది ఎవరు? కొత్త పట్టుచీర కట్టుకుని నేను తోసేను. వెనకాల లారీవాళ్ళు దిగి చప్పట్లు కొట్టేరు. ఈ ఏడు నేను తోయను. ఆ వాల్వు కాలిపోతాదని యెహెజ్కేలు చెప్తుంటే విన్నాను. మావగారి కుంటు మావగారిది. పాపం బండికెందుకు?"

గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, ఒక్క సందేహం. మూత ఎందుకు తోమేరండి? అది తోమకపోతే మీరు దొరికేవారు కాదు."

"జిడ్డు మూత తీసి మళ్ళీ జిడ్డుతోనే ఎలా మూస్తాం బాబూ? పైన కూడా తోముదును. తెలిసిపోతాదని మనసు చంపుకుని వదిలేసేను."

ముందు నవ్వింది సంపూర్ణమ్మ. ఆ తర్వాత ఎవరు ఆగలేదో చెప్పలేను. గణేష్‌బాబు గోడకి ఆనుకుని, తెల్ల చొక్కాకి నూనె అంటిందని కూడా చూసుకోకుండా నవ్వాడు. రాజుగారు మాత్రం నవ్వలేదు. ఆయన యెహెజ్కేలు ఎదుటికి వెళ్ళి నిలబడ్డారు.

"వర్క్‌షాపు… నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నారు చివరికి. "నాదే పొరపాటు."

"అలాగేనండి," అన్నాడు యెహెజ్కేలు.

"అలాగే కాదండి," అంది సంపూర్ణమ్మ. నవ్వు ఆపేసింది. "రాజుగారండీ, మంగళవారం ఊళ్ళో అందరికీ ఫోన్ చేసి ఈయన్ని దొంగన్నారు. ఇక్కడ మా ఆరుగురి ముందు కాదన్నారు. ఊళ్ళో వాళ్ళకెలా తెలుస్తాదండి?"

రాజుగారు ఆమెని చూశారు. గణేష్‌బాబుని చూశారు. అతను తల ఊపాడు, న్యాయంగా. రాజుగారు ఫోను తీసి, స్పీకరు పెట్టి, మొదటి నంబరు నొక్కారు.

"ఒరే బుల్లబ్బాయీ. నేనేరా. నా ఇంజను ఎక్కడికీ పోలేదు. యెహెజ్కేలు ఏ తప్పూ చేయలేదు. నేనే నోరు జారేను. ఆ, దొరికింది. ఎవరేంట్రా, మా ఆవిడ. మా ఆవిడేరా. టాపెట్లు పెట్టింది. ఎనిమిదీ. నవ్వకు."

రెండో ఫోను, మూడో ఫోను. ప్రతి ఫోనులోనూ "మా ఆవిడ" దగ్గరికొచ్చేసరికి ఆయన ఛాతీ కొంచెం కొంచెం పొంగుతోంది. అయిదో ఫోనుకి ఆయనే ముందు మా ఆవిడ టాపెట్లు పెట్టిందని మొదలుపెట్టి, యెహెజ్కేలు సంగతి తర్వాత చెప్పబోతే సంపూర్ణమ్మ చెయ్యెత్తింది. ఆయన వెనక్కి వెళ్ళి వరసలో చెప్పారు.

ఆ ఫోన్ల మధ్యలో ఎస్సై పావని గారి జీపు వచ్చి ఆగింది. ఆవిడ కాగితాలు పట్టుకుని గ్యారేజి గుమ్మంలోకి వచ్చి, కాఫీలు తాగుతున్న మమ్మల్నందరినీ చూశారు.

"ఇంజను పోయిందని చెప్పేరు. ఎవరి మీదండి కంప్లైంటు?"

"ఎవరి మీదా లేదండి," అన్నారు రాజుగారు. "ఇంజను ఉంది. స్క్రూ ఒక్కటి దించాలంతే. కాఫీ తీసుకోండి."

ఎస్సై గారు ఆశాజ్యోతి వైపు చూశారు. ఆశాజ్యోతి అవునన్నట్టు తల ఊపింది. ఆవిడ పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఐడ్లింగ్ ఇక్కడ కాదండి," అన్నాడు యెహెజ్కేలు, మూత మళ్ళీ బిగించి. "పొగ నిండిపోతాది. బండి బయటికి తీయాలి."

రాజుగారు ఆరో ఫోనులో ఉన్నారు. తాళం చెవి ఇంకా బండికే ఉంది. మాణిక్యాంబ గారు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఆ నేలబారు సీట్లోకి చులాగ్గా దిగి కూర్చున్నారు. స్టార్ట్ చేశారు. ఇంజను కుంటకుండా, హాయిగా, పందెం ఎద్దులా పరుగందుకుంది. ఆవిడ భుజం మీదుగా వెనక్కి ఒక్కసారి చూసి, రివర్సు వేసి, గణేష్‌బాబు కాలివేళ్ళకి బెత్తెడు దూరంలోంచి, రెండు పూలకుండీల మధ్య నుంచి, ఎక్కడా తగలకుండా బండిని వాకిట్లోకి తీసి, చక్కగా వంచి నిలబెట్టారు.

రాజుగారు ఫోను చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు. అవతలి మనిషి హలో హలో అంటున్నాడు.

"మాణిక్యం," అన్నారు. "టార్చి పట్టుకుంటే టాపెట్లు వచ్చేయి, సరే. డ్రైవింగు ఎలా వచ్చింది?"

ఆవిడ స్టీరింగు మీద నుంచి తల తిప్పి, ఒక్క క్షణం, యెహెజ్కేలు వైపు చూశారు.

యెహెజ్కేలు వెంటనే రోడ్డు వారనున్న తన వర్క్‌షాపు పైకప్పు రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

రాజుగారు మెల్లగా అతని వైపు తిరిగారు. సంపూర్ణమ్మ కూడా తిరిగింది. ఈ సంగతి ఆమెకీ కొత్తే.

ఎస్సై గారు జేబులోంచి పెన్ను మళ్ళీ తీశారు.

లోవమ్మ
అరవై నాలుగేళ్ళు
ఇప్పుడు ఉంటున్నది దానవాయిపేట, రాజమహేంద్రవరం